పుంజు మీదకొస్తోందా? కొట్టకుండా, పారిపోకుండా దారికి తెచ్చుకునే పద్ధతి

పాతపట్నం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం, అది దాటి బరంపురం వైపు కూడా కోళ్లు పెంచే ఇళ్ల వాళ్లు అడిగేది ఒకటే. "పిల్లప్పుడు చేతిలో నూకలు తిన్న పుంజు ఇప్పుడు దొడ్లోకి అడుగు పెట్టనివ్వడం లేదు, ఏం చెయ్యాలి?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడే రాస్తున్నాను.

విషయం రెండు ముక్కల్లో చెప్తాను. ఐదారు నెలలు నిండేసరికి పుంజుకి పొగరు మొదలవుతుంది, పెట్టల కాపలా నెత్తికెత్తుకుంటుంది. చేతుల్లో పెరిగినదానికి మనుషులంటే బెరుకు ఉండదు. అందుకే మిమ్మల్ని కూడా ఇంకో పుంజు కిందే లెక్కేస్తుంది. మీరు కొడితే పోటీకి ఒప్పుకున్నట్టు, పరిగెడితే ఓడిపోయినట్టు. రెండిట్లో ఏది జరిగినా రేపు మళ్లీ వస్తుంది. ఆ పోటీలోకి దిగకుండా ఉండటమే మీ పని.

అలాగని పుంజు లేకుండా గడిచిపోతుందని కాదు. గద్ద పైన తిరిగితే ఒక అరుపు, నేల మీద ముంగిసో కుక్కో వస్తే ఇంకో అరుపు అరిచి పెట్టల్ని హెచ్చరిస్తుంది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల మధ్య ఇళ్లున్నవాళ్లకు ఈ కాపలా విలువ నేను చెప్పక్కర్లేదు.

కావలసినవి

- వెదురు గంప ఒకటి, పుంజు తల ఎత్తి నిలబడేంత ఎత్తుది
- పాత చేట గానీ ప్లాస్టిక్ టబ్బు మూత గానీ (ఇది డాలు, ఆయుధం కాదు)
- మోకాళ్ల దాకా వచ్చే గమ్‌బూట్లు. లేకపోతే మందపాటి జీన్స్, బూట్లు
- పాత తువ్వాలు
- సన్న ఆకురాయి లేదా గోళ్లు అరగదీసే ఫైలు
- కాస్త కార్న్‌ఫ్లోర్, రక్తం కారితే అద్దడానికి
- టార్చి
- ఒక క్యాలెండర్, పెన్ను

1. ముందు అది ఏం చేస్తోందో చూడండి

పుంజు చేసే హడావిడంతా దాడి కాదు. ఒక రెక్క నేలకు దించి, పక్కవాటుగా అర్ధచంద్రంలో అడుగులు వేస్తే అది బెదిరింపు. పెట్ట ముందు కూడా ఇలాగే చేస్తుంది, అప్పుడు అది సరసం. తల వంచి, మెడ ఈకలు గొడుగులా విప్పి, కళ్లార్పకుండా మీ వైపే నిలబడితే తర్వాతి క్షణంలో ఎగురుతుందని అర్థం. ముక్కుతో ఒక్క పోటు పొడిచి తప్పుకోవడం వేరు, రెండు కాళ్లూ ఎత్తి, కాలి వెనక ఉండే ముళ్లతో తన్నడం వేరు. మొదటిది పిల్లచేష్ట. రెండోదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

ఎప్పుడు వస్తోందో కూడా రెండు మూడు రోజులు గమనించి క్యాలెండర్‌లో రాయండి. పెట్టను పట్టుకున్నప్పుడా, గుడ్లు తీసేటప్పుడా, ఊడ్చేటప్పుడు చీపురు చూసా, ఫలానా రంగు చీర చూసా, మేత బకెట్ తెచ్చినప్పుడా? ఒకే మనిషి మీదకొస్తుంటే ఆ మనిషి ఏం చేస్తున్నారో చూడండి. చాలా ఇళ్లలో అసలు సంగతి అక్కడే బయటపడుతుంది: ఎవరో పిల్లవాడు అరుగు మీంచి పుల్లతో కెలికి ఆడిస్తుంటాడు.

2. కారణాలు తీసేయండి

కాలికి తాడు కట్టి గుమ్మం దగ్గర కట్టేయడం మన వైపు మామూలే. పందెం పుంజుల్ని అలా కడతారు కదా అని ఇంటి పుంజుని కూడా కడతారు. కట్టేసిన పుంజు తప్పుకుపోలేదు. దారిన పోయే ప్రతి కాలూ దానికి శత్రువే, అందుకే ముందే ఎగురుతుంది. ఆ తాడు విప్పడంతోనే సగం గొడవ తగ్గిన ఇళ్లు ఉన్నాయి. పగలు వదలడం కుదరని వీధుల్లో పెరట్లో ఒక మూల వల కట్టి వదలండి. గంప కింద రోజంతా మూసి ఉంచితే మాత్రం తీసినప్పుడు ఇంకా రేగి వస్తుంది. గంప అరగంటకో గంటకో పనికొచ్చేది, కాపురానికి కాదు.

పెట్టలు ఎన్ని ఉన్నాయి? ఒక పుంజుకి ఎనిమిది నుంచి పది పెట్టలుంటే మంచిది. రెండు మూడే ఉంటే వాటి వీపు మీద ఈకలు రాలి బోడిగా కనబడతాయి, పుంజు కూడా ఎప్పుడూ కంగారుగానే ఉంటుంది.

ఒంట్లో బాగోలేదేమో చూడండి. రాత్రి టార్చి వేసి గూటి పగుళ్లు, వాలే కర్ర అడుగుభాగం చూడండి. నల్లుల కంటే చాలా సన్నటి ఎర్ర పురుగులు కనబడితే రాత్రంతా నిద్ర లేకుండా పీక్కు తింటున్నాయన్నమాట. గూడు ఖాళీ చేసి, ఎండబెట్టి, సున్నం వేయండి. పొడి బూడిద, ఇసుక కలిపి ఒక మూల పోస్తే కోళ్లే పొర్లుతాయి. రెక్క కిందా మలద్వారం చుట్టూ పేలు కనబడితే పశువుల డాక్టర్ని అడిగి మందు వేయండి. పొలానికి కొట్టే పురుగుమందు మాత్రం వద్దు.

3. మీదకొచ్చినప్పుడు

అసలు పని ఇదే. నిదానంగా చదవండి.

ఆగిపోండి. వెనక్కి అడుగు వేయకండి, వీపు తిప్పకండి. చేట మోకాళ్ల ముందు అడ్డం పెట్టుకుని గుంజలా నిలబడండి. అది ఎగిరి చేటని తంతుంది, రెండు మూడు సార్లు తన్నొచ్చు. మీరు తిట్టకండి, చేట విసరకండి, దాని వైపు తోయకండి. బదులు రాని కొద్దీ దానికి విసుగొస్తుంది. ఎలా తెలుస్తుందంటే, మెడ ఈకలు దిగుతాయి, పక్కకి చూస్తుంది, లేదా గింజలేమీ లేకపోయినా నేల మీద ముక్కుతో పొడుస్తుంది. అప్పటిదాకా కదలకండి. అది రెండు మూడు అడుగులు దూరం వెళ్లాక మీ పని మీరు మామూలు నడకతో చేసుకోండి.

మొదటి వారం ఇది పెద్దవాళ్లే చెయ్యాలి, గమ్‌బూట్లు వేసుకునే చెయ్యాలి. చీర కట్టుకునేవాళ్లు లోపల లెగ్గింగో పాత ప్యాంటో వేసుకోండి. చీర కుచ్చిళ్లు ఎగురుతుంటే పుంజు ఇంకా రెచ్చిపోతుంది.

ఎక్కువమంది చేసే తప్పులు:

తన్నడం. కాలు దాని ఎత్తులోనే వస్తుంది, సరిగ్గా ఇంకో పుంజు తన్నినట్టే ఉంటుంది. మీరు గెలిచినా మర్నాడు మళ్లీ వస్తుంది. పైగా ఎముక విరిగితే పాపం మీదే.

తరమడం. నాలుగు రోజులు కర్రతో తరిమితే మీకు భయపడుతుంది. మీ అత్తగారికి భయపడదు. ఆ కోపం పిల్లల మీద చూపిస్తుంది.

నీళ్లు కొట్టడం, కారం చల్లడం, సారా పట్టించడం. మొదటిదానితో పుంజు తడిసి ముద్దవుతుంది, మిగతా రెండూ జంతువు మీద క్రూరత్వం. ఫలితం ఏదీ ఉండదు.

"ఏటి బావు, కోడిపుంజుకే భయపడిపోనావా" అని పక్కింటివాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. చేట పట్టుకుని నిలబడ్డం కాస్త వింతగానే ఉంటుంది మరి.

4. రోజూ కాసేపు చంకలో

చీకటి పడి గూట్లో వాలాక పుంజుకి చూపు సరిగా ఆనదు, అప్పుడు పట్టుకోవడం సులువు. టార్చి ఆర్పేసి, రెండు రెక్కల మీదుగా రెండు చేతులూ వేసి పట్టుకోండి. ఎడమ చంకలో దాని రెక్కలు నొక్కి ఉంచి, కుడి చేత్తో రెండు కాళ్లూ, మధ్యలో మీ వేలు ఒకటి పెట్టి పట్టుకోండి. తల మీ ముఖానికి దూరంగా ఉండాలి. మరీ గింజుకుంటే తువ్వాలుతో చుట్టండి.

ఐదు పది నిమిషాలు దొడ్లో తిరగండి. పెట్టల మధ్యకు తీసుకెళ్లండి, మాట్లాడుతూ ఉండండి. ఒళ్లు వదులుగా అయ్యి, మెడ దించి, కళ్లు మూతలు పడుతుంటే పని అవుతోంది. అలా నెమ్మదించాకే నేల మీద మెల్లగా దింపండి. గింజుకుంటున్నప్పుడు వదిలేస్తే "గింజుకుంటే వదులుతారు" అని నేర్చుకుంటుంది. ఈ ఒక్క పొరపాటు వల్లే "మేమూ చేశాం, లాభం లేదు" అంటుంటారు.

సంత నుంచి తెచ్చినట్టు కాళ్లు పట్టుకుని తలకిందులుగా మోయకండి. గుణుపురం, రాయగడ సంతల నుంచి సైకిల్ హ్యాండిల్‌కి వేలాడదీసి తేవడం చూస్తూనే ఉంటాం. కోడికి మనలాగా ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుపొర ఉండదు. తలకిందులైతే లోపలి అవయవాలన్నీ గాలి సంచుల మీద పడి ఊపిరాడదు. అది "బుద్ధిగా ఉంది" అనుకుంటారు, నిజానికి కొట్టుకోడానికి ఊపిరి లేక ఉంటుంది.

మెడ పట్టి నేలకు అదిమి "లొంగదీయడం" కూడా వద్దు. కొన్ని పుంజులు లొంగినట్టు కనబడతాయి గానీ, వదిలాక వెనక నుంచి వస్తాయి.

ఎండాకాలం మధ్యాహ్నం ఎత్తుకోకండి. నోరు తెరిచి రొప్పుతుంటే వెంటనే నీడలో దింపి నీళ్లు పెట్టండి.

5. మేత పెట్టే తీరు మార్చండి

చేత్తో తినిపించడం ఆపేయండి. గూడు తలుపు తీసేటప్పుడు ఒక గుప్పెడు చోళ్లో (రాగులు) నూకలో మీకు దూరంగా, వెడల్పుగా చల్లండి. పుంజు గింజ చూపించి కుక్ కుక్ అని పెట్టల్ని పిలుస్తుంది. ఆ పని దానికి మీ మీదకు రావడం కంటే ముఖ్యం. నాలుగు రోజులకే మీ రాక అంటే గొడవ కాదు, మేత అని తెలుసుకుంటుంది. అయితే అది మీదకొస్తుండగా గింజలు విసరకండి, దాడికి లంచం ఇచ్చినట్టవుతుంది.

పెట్టను పట్టుకోవాల్సి వస్తే పుంజు కళ్ల ముందు పట్టుకోకండి. పెట్ట అరిచిందా, పుంజు రావడం ఖాయం. ముందు పుంజుని గంప కింద పెట్టి, పెట్ట పని చూసుకుని, తర్వాత వదలండి. లేదా రాత్రి చూసుకోండి.

6. ముళ్లు మొద్దు చేయండి

కాలి వెనక ముల్లు లోపల ఎముక, రక్తం ఉంటాయి, పైన గోరులాంటి తొడుగు ఉంటుంది. మొదలంటా కోసేస్తే రక్తం ఆగదు, నొప్పి భరించలేదు. చివర మాత్రం ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి, మీ గోళ్లు అరగదీసుకున్నట్టే. ఇద్దరుంటే మేలు: ఒకరు చంకలో పట్టుకోవాలి, ఇంకొకరు అరగదీయాలి. రక్తపు చుక్క కనబడితే ఆపేసి కార్న్‌ఫ్లోర్ అద్ది రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి. నెలకోసారి చూసుకుంటే చాలు. వేడి బంగాళాదుంప గుచ్చి తొడుగు ఊడదీసే చిట్కా ఒకటి తిరుగుతోంది. కాలు కాలుతుంది, లోపలి పచ్చి ముల్లు బయటపడుతుంది. చేయకండి.

ముళ్లు మొద్దు చేసినంత మాత్రాన స్వభావం మారదు. గాయం లోతు తగ్గుతుంది, అంతే.

7. రెండు మూడు పుంజులుంటే

కలిసి పెరిగిన అన్నదమ్ములు ఒకే గూట్లో నెగ్గుకొస్తాయి, అదీ చోటు బాగా ఉండి పెట్టలు సరిపడా ఉంటేనే. కొత్తదాన్ని తెచ్చి నేరుగా వదిలితే ఒకటి చచ్చేదాకా పోవచ్చు. మధ్యలో గోనెపట్టాతో అడ్డం కట్టండి, ఒకదానికొకటి కనబడకూడదు. వల ఒక్కటే ఉంటే వల మీదే తన్నుకుని ముక్కులు చిట్లగొట్టుకుంటాయి. ఇంకో దారి, పెట్టలు అస్సలు కనబడని చోట పుంజుల్ని మాత్రమే కలిపి ఉంచడం. పోటీకి కారణం లేకపోతే చాలావరకు సర్దుకుంటాయి.

కొట్టుకుంటున్న వాటి మధ్య చెయ్యి పెట్టకండి. పెద్ద టబ్బు ఒకదాని మీద బోర్లించండి, లేదా తువ్వాలు కప్పండి.

సంక్రాంతి అయ్యాక చవగ్గా దొరుకుతోందని పందెం పుంజుని ఇంటికి తెస్తుంటారు. అసీల్ జాతి పుంజులు మనుషులతో ఆశ్చర్యంగా నెమ్మదిగా ఉండొచ్చు, రోజూ చేతుల్లో ఉంటాయి కాబట్టి. కానీ ఇంకో పుంజు నీడ పడితే చాలు. ఒంటరిగా ఉంచగలిగితేనే తెచ్చుకోండి. జంతువుల్ని కొట్టించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరమనీ, ఆంధ్ర, ఒడిశా సరిహద్దుకి ఏ వైపైనా అదే చట్టమనీ గుర్తుంచుకోండి.

8. పిల్లలు, ముసలివాళ్లు, గాయాలు

పదేళ్ల లోపు పిల్లల్ని గుడ్లు తెమ్మని పంపకండి. పుంజు ఎగిరితే వాళ్ల కళ్లు సరిగ్గా ముల్లు ఎత్తులో ఉంటాయి. కాళ్ల మీద నరాలు ఉబ్బిన పెద్దవాళ్లని కూడా దూరంగా ఉంచండి. ఆస్ట్రేలియాలో ఒక ముసలావిడ పుంజు పొడిచిన పోటుకి కాలి ఉబ్బునరం తెగి, రక్తం పోయి చనిపోయిన సంగతి 2019లో వైద్య పత్రికలో వచ్చింది. అరుదే, కానీ ఆ నరం నుంచి రక్తం కారితే కూర్చోబెట్టకండి. పడుకోబెట్టి, కాలు ఎత్తి, గట్టిగా నొక్కి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మామూలు గాయమైతే కుళాయి నీళ్ల కింద సబ్బుతో బాగా కడగండి. ముల్లు దిగిన రంధ్రం పైకి చిన్నగా కనబడినా లోతుగా ఉంటుంది, దాన్ని పసుపు పెట్టి మూసేయకండి. టిటి సూది ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే వేయించుకోండి. షుగర్ ఉన్నవాళ్లు, వేలి కీలు దగ్గర దిగినవాళ్లు, మర్నాటికి వాపు ఎర్రబడినవాళ్లు డాక్టర్ దగ్గరకి వెళ్లాల్సిందే. కంటికి తగిలితే అదే గంటలో వెళ్లండి. కోడి పొడిస్తే కుక్కకాటు సూదులు అక్కర్లేదు. రేబిస్ పాలిచ్చే జంతువుల రోగం.

కూత గురించి కూడా అడుగుతున్నారు. పుంజు వెలుగు చూసే కూస్తుందని అనుకుంటాం గానీ, దాని ఒంట్లోనే గడియారం ఉందని జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో తేల్చారు. గూడు చీకటి చేస్తే కాస్త తగ్గుతుంది, మానదు. గూడుని పక్కింటి పడకగది గోడకి దూరంగా జరపండి, అప్పుడప్పుడు ఓ అరడజను గుడ్లు ఇస్తుండండి. కూత ఆపాలని మెడకి పట్టీ కట్టకండి, ఊపిరాడక చచ్చిపోవచ్చు.

ఫలితం ఎలా తెలుసుకోవాలి

క్యాలెండర్‌లో రోజుకో గుర్తు పెట్టండి: దాడి చేస్తే గుణకారం, బెదిరించి ఆగితే సున్నా, ఏమీ లేకపోతే ఖాళీ. మొదటి వారం గుణకారాలు పెరిగినా కంగారుపడకండి, పాత పద్ధతి పనిచెయ్యడం లేదని అది ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తుంది. రెండో వారానికి గుణకారాలు సున్నాలుగా మారుతుండాలి. మూడు నాలుగు వారాలకి మీరు వస్తే నాలుగడుగులు తప్పుకోవాలి. ఇంట్లో అందరితో ఇలా ఉందో లేదో చూశాకే చేట పక్కన పెట్టండి. ఈకలు రాల్చే కాలంలో, పెట్ట పొదుగు దిగి పిల్లలతో తిరిగే రోజుల్లో మళ్లీ కాస్త తోక ఝాడించవచ్చు. మూడో మెట్టుకి వెళ్లండి.

ఒక్క హెచ్చరిక. నిన్నటిదాకా మీదకొచ్చిన పుంజు ఇవాళ ఉన్నట్టుండి మూలన ముడుచుకుంటే "దారికొచ్చింది" అని సంబరపడకండి. ఆకుపచ్చ రెట్ట, మెడ వంకర, నోరు తెరిచి శ్వాస ఉన్నాయేమో చూడండి. కొక్కెర తెగులు అలాగే మొదలవుతుంది, నాలుగు రోజుల్లో దొడ్డంతా ఊడుస్తుంది. దాన్ని వేరు చేసి పశువుల ఆసుపత్రికి కబురు పెట్టండి. ఆంధ్ర వైపు ఉన్నవాళ్లు 1962కి ఫోన్ చేయవచ్చు.

మారకపోతే

నెల రోజులు ఇంటిల్లిపాదీ ఒకే పద్ధతిలో చేశాక కూడా వెనక నుంచి వచ్చి ముళ్లతో తంతుంటే, ఇక దాని పుట్టుక అంతే. ఇంట్లో చిన్నపిల్లలుంటే నెల కూడా ఆగకండి. కూరకి వాడుకోవడం తప్పేం కాదని నా ఉద్దేశం. తినడం ఇష్టం లేకపోతే, పిల్లల్లేని, పెద్ద తోట ఉన్నవాళ్లకి సంగతి దాచకుండా చెప్పి ఇవ్వండి. "మంచి పొగరుంది" అంటూ పందేలాడేవాళ్లు ఎక్కువ ధర ఇస్తామంటారు, వాళ్లకి ఇవ్వకండి.

అలాంటి పుంజు గుడ్లు పొదగేయకండి, పొగరు పిల్లలకీ వస్తుంది. పుంజు వెళ్లిపోయాక కూడా పెట్ట కడుపులో దాని విత్తనం రెండు మూడు వారాలు నిలిచే ఉంటుంది. కొత్త పుంజు సంతానమే కావాలంటే అది వచ్చాక నాలుగు వారాలు గుడ్లు తినడానికే వాడుకుని, ఆ తర్వాత పెట్టినవే పొదగేయండి. కొత్తదాన్ని సంతలో తలకిందులుగా వేలాడుతున్నదాన్ని చూసి కొనకండి, అలా ఉన్నప్పుడు అన్నీ బుద్ధిమంతులే. వీలైతే పెంచినవాళ్ల దొడ్డికి వెళ్లి, అది పెట్టల మధ్య తిరుగుతుండగా మీరు చీపురు పట్టుకుని రెండు సార్లు అటూ ఇటూ నడిచి చూడండి.